దేవుడి తరఫున అబద్ధం ఆడొచ్చా?

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మా చర్చిలో యవనస్తుల కూడిక నడిపే బాధ్యత కూడా నాదే. నా భార్య తమ్ముడికి 24 ఏళ్లు. తిరుపతిలో డెలివరీ పని చేస్తాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. రెండేళ్లుగా క్రికెట్ బెట్టింగులో పడి లక్షా ఎనభై వేలు పోగొట్టాడు. వాళ్లమ్మ చైను కుదవపెట్టాడు. వాడు వింటాడనే ఆశతో ఒక ఆదివారం కూడికలో జూదం గురించి మాట్లాడాను. బెట్టింగులో ఓడిన ఒక కుర్రాడి వల్ల ఇంటిల్లిపాదీ ప్రాణాలు తీసుకున్నారని, వాళ్లు నాకు బాగా తెలిసినవాళ్లేనని చెప్పాను. నిజానికి అది వాట్సాప్‌లో వచ్చిన కథ. జూదమాడేవాడు పరలోకానికి పోడని బైబిల్లో రాసి ఉందని కూడా అనేశాను. ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె "ఏ అధ్యాయం అన్నా?" అని అడిగితే తర్వాత చెప్తానన్నాను. వారం తిరక్కముందే ఆ కథ కల్పితమని పిల్లలే కనిపెట్టారు. ఇప్పుడు మా బావమరిది, "నువ్వు చెప్పిన కతే అబద్ధం. మిగతాది నిజమని ఎట్ల నమ్మేది బావా? చర్చిలో హౌసీ ఆడించింది నువ్వే కదా?" అంటున్నాడు (హౌసీ అంటే టికెట్టు మీద నంబర్లు కొట్టేసే తంబోలా ఆట). నా ఉద్దేశం మంచిదే కదా? ఇప్పుడేం చేయాలి?

తా.క. పోయినేడాది ఆఫీసు పని మీద ఎర్నాకుళం వెళ్లినప్పుడు 500 పెట్టి ఓణం బంపర్ లాటరీ టికెట్ కొన్నాను. ఎవరికీ చెప్పలేదు.

సమాధానం: మీ ఉత్తరం పొడుగైందని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో "ఉద్దేశం మంచిదే కదా" అన్న మాట నాలుగుసార్లు ఉంది. అన్నిసార్లు రాశారంటే ఆ మాట మీకే సరిగ్గా అతకలేదని నాకు అనిపించింది.

మన చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్లు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో అక్కడ పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. నేను క్రైస్తవుణ్ణే అయినా, చిన్నప్పుడు దుప్పటి కప్పుకుని రాత్రంతా మేలుకుని అవి చూసినవాణ్ణే. మీ ఉత్తరం చదివితే ఆ గుళ్లో మూలవిరాట్టే గుర్తుకొచ్చాడు. ఎందుకంటే మీ రెండు సమస్యలూ ఆయనవే. జూదంలో రాజ్యాన్నీ, తమ్ముళ్లనూ, భార్యనూ ఒడ్డినవాడు ఆయనే. యుద్ధంలో ద్రోణుణ్ణి పడగొట్టడానికి "అశ్వత్థామ హతః" అని గట్టిగా, "కుంజరః" అని మెల్లగా అన్నవాడూ ఆయనే. అది కూడా మంచి ఉద్దేశమే, ధర్మం గెలవాలనే! అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలకు దిగిందని కథ. యుద్ధం గెలిచారు. రథం మాత్రం మళ్లీ పైకి లేచిందని ఎవరూ చెప్పరు.

మీకు జరిగిందీ అదే. మీ బావమరిది బెట్టింగును సమర్థించడం లేదు, గమనించారా? మీ రథం నేల మీద ఉందంటున్నాడు, అంతే.

మన బైబిల్లో, యోబు గ్రంథంలో, ఇదే మాట ఇంకా కటువుగా ఉంది. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు దేవుణ్ణి వెనకేసుకొస్తూ గంటల తరబడి మాట్లాడతారు. అప్పుడు యోబు వాళ్లను, దేవుని పక్షాన అన్యాయంగా వాదిస్తారా, ఆయన కోసం మోసపు మాటలు ఆడతారా అని నిలదీస్తాడు. పదమూడో అధ్యాయంలో ఉంది, చూడండి. చివరికి దేవుడు కోప్పడింది తనను ప్రశ్నించిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. సండే స్కూల్ టీచర్లందరూ ఏడాదికోసారైనా ఆ పుస్తకం చదవాలంటాను. నాకు నేను చెప్పుకునే మాటే ఇది.

ఎందుకంటే నేనూ ఆ పని చేశాను. ఎనభైల్లో తిరుపతిలో సండే స్కూలు నడిపేటప్పుడు, పేకలో ఉన్న రాజు, రాణి, జాకీ బొమ్మలు సైతాను వేయించినవని, వాటిని ముట్టుకుంటే ఇంట్లోకి దయ్యం వస్తుందని పిల్లలకు చెప్పాను. ఎక్కడో ఒక కరపత్రంలో చదివిన మాట. తొమ్మిదేళ్ల పిల్లాడొకడు ఇంటికెళ్లి వాళ్ల తాత పేకముక్కలు చింపేసి, తాత నరకానికి పోతాడని ఏడ్చి జ్వరం తెచ్చుకున్నాడు. ఆ పెద్దాయన సాయంత్రం అరుగు మీద చింతపిక్కలు పందెం కాసి ఆడుకునే మనిషి. మర్నాడు నా దగ్గరికొచ్చి కోప్పడలేదు. "సార్, మీరు చూసినారా?" అని ఒక్క మాట అడిగాడు. నలభై ఏళ్లయింది, ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కాబట్టి మొదటి పని: వచ్చే ఆదివారం అదే కూడికలో, అదే పిల్లల ముందు నిలబడి, ఆ కథ వాట్సాప్‌లో వచ్చిందని, ఆ కుటుంబం మీకు తెలియదని, ఆ వాక్యం బైబిల్లో లేదని చెప్పండి. "నా ఉద్దేశం మాత్రం..." అని మొదలుపెట్టకండి. "అయితే" అనే మాటే రానివ్వకండి. అధ్యాయం అడిగిన అమ్మాయికి విడిగా, నువ్వు అడగడం మంచిదైందమ్మా అని చెప్పండి. మీ చర్చిలో వాక్యాన్ని అందరికంటే గౌరవించింది ఆ పిల్లే.

ఆ కథతో ఇంకో ప్రమాదం ఉంది, మీకు తట్టి ఉండదు. అప్పుల్లో కూరుకుపోయిన కుర్రాడు ఎదురుగా కూర్చుని ఉంటే, అప్పు పడినవాళ్లు చివరికి చేసేది ఇదీ అని చావును చూపించారు మీరు. భయపెట్టాననుకున్నారు. అలాంటి స్థితిలో ఉన్నవాడికి అది దారి చూపించినట్టు కూడా అవుతుంది. బెట్టింగు వల్ల నిజంగానే ప్రాణాలు పోతున్నాయి, పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అయినా సరే, ఆ కథలను బెదిరింపుగా వాడకండి.

ఇక బైబిల్లో ఏముంది? "జూదం ఆడకూడదు" అని పది ఆజ్ఞల్లో లేదు, సువార్తల్లో లేదు, పౌలు పత్రికల్లో లేదు. చీట్లు వేయడం మాత్రం చాలా చోట్ల ఉంది. యెహోషువ చీట్లు వేసి గోత్రాలకు భూమి పంచాడు. యేసును పట్టిచ్చిన యూదా స్థానంలోకి మత్తీయ వచ్చింది కూడా చీటీతోనే. కానీ అక్కడ ఎవరి సొమ్మూ ఎవరూ గెలుచుకోలేదు, కాబట్టి దాన్ని జూదం కింద కట్టలేం. అచ్చంగా మన జూదం లాంటి దృశ్యం ఒకటి కనిపిస్తుంది: సిలువ కింద సైనికులు యేసు అంగీ కోసం చీట్లు వేసుకోవడం. పైన ఒక మనిషి చనిపోతుంటే కింద వాళ్ల కళ్లు బట్ట మీద ఉన్నాయి. దాన్ని ఆజ్ఞ అని చెప్పకండి. ఆ దృశ్యం మాత్రం పిల్లలకు చెప్పండి, చాలు. ఆజ్ఞ కావాలంటే పొరుగువానిదేదీ ఆశించవద్దన్నది ఉంది, "ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము" అన్న పౌలు మాట ఉంది. అందులో కూడా ధనం అనలేదు, ధనాపేక్ష అన్నాడు. ఆ ఒక్క మాట మింగేసి ప్రసంగాలు చేసేవాళ్లు మనలో తక్కువేం కాదు.

సంఘాలన్నీ దీని మీద ఒకే మాట మీద లేవని కూడా పిల్లలకు చెప్పండి. కాథలిక్ సంఘం తన ఉపదేశ గ్రంథం 2413వ పేరాలో, పందాలు వాటంతట అవే అన్యాయం కావనీ, ఒక మనిషికీ అతని మీద ఆధారపడ్డవాళ్లకూ అవసరమైనదాన్ని లాగేసుకున్నప్పుడు అవి తప్పవుతాయనీ, ఆ వ్యసనం బానిసత్వంగా మారే ప్రమాదం ఉందనీ చెప్పింది. మెథడిస్టులు, బాప్టిస్టులు, మన పెంతెకొస్తు సంఘాలు అసలు వద్దంటాయి. ఈ సంగతి చెప్తే పిల్లలు కాథలిక్ మాట పట్టుకుని ఆడేస్తారని మీకు భయం వేయొచ్చు. ఆ పేరా కొలత ప్రకారం చూసినా మీ బావమరిది ఎప్పుడో గీత దాటాడు. వాళ్లమ్మ మెడ బోసిగా ఉంది కదా!

నన్నడిగితే, వీటన్నిటిలో మెథడిస్టులకు మూలపురుషుడైన జాన్ వెస్లీ వాదం గట్టిది. డబ్బు వాడకం మీద 18వ శతాబ్దంలో చేసిన ప్రసంగంలో ఆయన, నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమిస్తే అతని ఆస్తికి నష్టం చేసి సంపాదించలేవు అంటూ, అలాంటి సంపాదనల్లో జూదాన్నీ చేర్చాడు. గెలిచినవాడు ఇంటికి తెచ్చే ప్రతి రూపాయీ ఇంకో ఇంట్లోంచి వచ్చిందే. మీవాడు ఓడినందుకు మీకు బాధగా ఉంది. వాడు గెలిచిన రోజు ఇంకో బావ ఎక్కడో ఇలాంటి ఉత్తరమే రాస్తూ ఉంటాడు. (ఇదే వెస్లీ, పెళ్లి చేసుకోవాలా వద్దా అని తేల్చుకోలేక చీట్లు వేసి చూసుకున్నాడు. వద్దనే చీటీ వచ్చింది. చీటీ వేరు, జూదం వేరు అని ఆయనకూ తెలుసన్నమాట.)

పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మామిడి తోట వేయడం కూడా జూదమే కదా అన్నా అని. మన జిల్లాలో ఆ ప్రశ్న ఊరికే రాదు. పూత నిలుస్తుందో లేదో, తోతాపురికి ఫ్యాక్టరీ ఏం రేటు ఇస్తుందో రైతుకు ముందు తెలియదు. ఆ రేటు ఎలా కిందామీదా అవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. రిస్కు ఉన్నంత మాత్రాన జూదం కాదు. రైతు రిస్కు తీసుకుంటే చివరికి లోకంలోకి నాలుగు కాయలు వస్తాయి. పందెంలో కొత్తగా ఏదీ పుట్టదు, ఉన్నదే చేతులు మారుతుంది. అయితే ఈ జవాబు అక్కడితో ఆగదు, మన పెద్దల దగ్గరికీ వస్తుంది. షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడే సంఘపెద్దలు మీ చర్చిలో లేరా? 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, కానుక బాగానే వేస్తారు, కాబట్టి ప్రసంగం వెనక బెంచీల దాకా వెళ్లి డెలివరీ కుర్రాడి మీదే పడుతుంది. అది కూడా ఒక రకం అబద్ధమే.

హౌసీ సంగతి. కోత పండుగలో ఇరవై రూపాయల టికెట్టు, గెలిస్తే స్టీలు గిన్నె. దాంతో ఎవరి ఇల్లూ కూలలేదు, బెట్టింగుతో సమానమని నేనూ అనను. కానీ నిజాయితీగా మాట్లాడాలనుకుంటే ఆ తేడా ఎంతో మీరే ముందు చెప్పాలి, వాడు ఎత్తి చూపేదాకా ఆగకూడదు. నా మాటైతే ఈ ఏడు ఆపేయండి. వేలంపాట ఉంచండి. గుమ్మడికాయను రెండు వేలకు పాడినవాడికి తను కానుక ఇస్తున్నానని తెలుసు, ఎవరి జేబులోంచో ఏదో వస్తుందని ఎదురుచూడడు.

బావమరిదితో మాట్లాడేటప్పుడు పాపం అనే మాటతో మొదలుపెట్టకండి. మీరు అకౌంట్స్ మనిషి, ఆ విద్య వాడండి. అన్నిటికంటే ముందు, ఎవరూ గెలవరని మాత్రం అనకండి. వాడు గెలిచాడు. మొదటి నెలలో వచ్చిన డబ్బుతో అమ్మకు చీర కొన్నాడని మీరే రాశారు. ఎవరూ గెలవరంటే మీరు మళ్లీ అబద్ధం చెప్తున్నారని వాడికి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఒక కాగితం తీసి ఈ లెక్క వేయండి. రెండు జట్లూ సమానమనుకుందాం. ఏ వైపు కాసినా వెయ్యికి బుకీ ఇచ్చేది తొమ్మిదొందలు అనుకుందాం. ఇరవై మ్యాచులకు కాసి పది గెలిచాడు, పది ఓడాడు. వచ్చింది తొమ్మిది వేలు, పోయింది పదివేలు. సగం సార్లు కరెక్టుగా చెప్పినా వెయ్యి పోయింది. పంతొమ్మిదిలో పది గెలిస్తేనే పెట్టిందానికీ వచ్చిందానికీ సరిపోతుంది. మట్కా అయినా ఇంతే. వంద నంబర్లలో ఒకటి తగిలితే రూపాయికి ఎనభై ఇస్తారనుకోండి, ప్రతి వందలో ఇరవై ఆట నడిపేవాడి దగ్గరే ఉండిపోతుంది. మీ వాడికి క్రికెట్ బాగా తెలుసు, ఒప్పుకోండి. బుకీ రేటు కట్టేది కూడా ఆ తెలివిని లెక్కలోకి తీసుకునే.

తర్వాత వాడి ఫోన్లో రెండేళ్ల యూపీఐ లెక్కలు ఇద్దరూ కలిసి కూడండి. వాడి చేతే కూడించండి. లక్షా ఎనభై అని వాడు చెప్పిన అంకె ఇంకా పెరగొచ్చు. పెరిగితే అరవకండి. "పోయిన చోటే వెతుక్కోవాలి" అని మనవాళ్లు అంటారే, ఆ మాట పోయిన ఉంగరానికి పనికొస్తుంది, బెట్టింగులో పోయిన డబ్బుకు పనికిరాదు. వాడు రెండేళ్లుగా చేస్తున్నది ఆ వెతుకులాటే. భారతంలో ధర్మరాజు కూడా తెలివితక్కువవాడు కాదు, చెడ్డవాడూ కాదు. పీట మీదనుంచి లేవలేకపోయాడు. ఆ లేవలేకపోవడాన్ని ఇవాళ డాక్టర్లు జబ్బుగానే చూస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో కూడా అది ఉంది. తిరుపతి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు నుంచి మనం అన్నిటికీ పరిగెత్తే వేలూరు సీఎంసీ వాళ్ల మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. చచ్చిపోతాననే మాట ఎప్పుడైనా అంటే ఆ రోజే తీసుకెళ్లండి, ఆదివారం దాకా ఆగొద్దు. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. ప్రార్థన ఉంది కదా డాక్టరెందుకు అనే మాట మాత్రం మీ నోటినుంచి రాకూడదు.

పోలీసుల పేరు చెప్పి బెదిరించమని ఎవరైనా సలహా ఇస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. వాడికి పనికొచ్చే సంగతి ఇంకోటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెం బాకీని కోర్టు ద్వారా వసూలు చేసుకోలేరు. బుకీ కోర్టుకు వెళ్లడు, ఇంటి ముందుకొస్తాడు అంటారా? వస్తే పోలీసుల దగ్గరికి వెళ్లాల్సింది మీరు. కానీ స్నేహితుల దగ్గర తెచ్చిన చేబదులు సంగతి వేరు. అది వాడు తీర్చాలి, నెలకు రెండు వేలైనా సరే. మొత్తం మీరే కట్టేయకండి. చైను మాత్రం, కుదవ రసీదు తీసుకుని వడ్డీ గడువు ఎప్పుడో ఈ వారమే చూడండి. వేలానికి వెళ్లాక ఈ కబుర్లేవీ ఉపయోగపడవు.

ఇంత చేసినా వాడు మానేస్తాడని నేను హామీ ఇవ్వలేను. ఇస్తే మీరు చేసిన పనే నేనూ చేసినట్టు. మీరు ఏం చెప్పినా వాడు మళ్లీ ఒకసారి సరిచూసుకుంటాడు, అది వాడి హక్కు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయంలో, కుయుక్తిగా నడుచుకోకుండా, సత్యాన్ని బయటపెట్టి ప్రతి మనిషి మనస్సాక్షికీ అప్పగించుకుంటున్నామంటాడు. అప్పగించాక తేల్చుకోవాల్సింది ఆ మనస్సాక్షే. లేని కథ చెప్పి తొందరపెట్టింది అక్కడే.

చివరగా ఆ తా.క. "నువ్వెప్పుడైనా ఆడావా బావా?" అని వాడు అడిగే రోజు వస్తుంది. ఆ బంపర్ టికెట్ ఇంకా బీరువాలో ఉందని రాశారు కదా, తీసి వాడి చేతిలో పెట్టండి. ఏమీ తగల్లేదని, డ్రా రోజు సాయంత్రం మీరు ఫోను పట్టుకుని మేడ మీదికి వెళ్లారని కూడా చెప్పండి. అయితే వాడికంటే ముందు మీ ఆవిడకు చెప్పాలి. ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని, మొదట ఆవిడే చదువుతుందని మీ ఉత్తరంలోనే ఉంది.